ముద్ద దిగక ఎదలోనే ఆగిపోతోంది: బ్యాండు వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తుంగభద్ర_తీరం (కర్నూలు), సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు, టీచర్‌ని. 2013లో హైదరాబాదులో గ్యాస్ట్రిక్ బ్యాండు (బరువు తగ్గడానికి జీర్ణాశయం చుట్టూ కట్టే పట్టీ) వేయించుకున్నాను. అప్పుడు 116 కిలోలు, ఇప్పుడు 83. ఇన్నేళ్లలో ముద్ద అడ్డం పడటం ఏడాదికి ఒకసారో రెండుసార్లో, అంతే. ఈమధ్య బరువు మళ్లీ పెరుగుతోందని మూడు వారాల కింద వెళ్లి బ్యాండు బిగించడానికి అందులో సెలైన్ (ఉప్పునీరు) ఎక్కించుకొని వచ్చాను. అప్పటి నుంచి ఇది ఆరోసారి.

నిన్న మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం. పొద్దున కాఫీ తప్ప ఏమీ లేదు. బంతి మీద కూర్చునేసరికి రెండు దాటింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ వడ్డించారు. ఆకలి మీద ఉన్నాను, పక్కవాళ్లు మాట్లాడిస్తున్నారు, రెండో ముక్క సరిగా నమలకుండానే మింగేశాను. మింగిన మరుక్షణమే తెలిసిపోయింది. రొమ్ము మధ్యలో ఎముక వెనకాల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. ఆ నొప్పి వీపులోకి పాకింది. నోట్లో నీళ్లూరడం మొదలైంది. మామూలు ఉమ్మి కాదది, గుడ్డు తెల్లసొనలా తీగలు సాగే జిగట. మింగితే దిగదు, ఊయడానికి పక్కన చోటు లేదు. మా పెద్దత్త "పొలమారింది" అని నడినెత్తిన తట్టి నీళ్ల గ్లాసు నోటికి అందించింది. కాదనలేక రెండు గుక్కలు తాగాను. ఆ నీళ్లు, ముక్క, జిగట అన్నీ కలిసి విస్తరి మీదే వచ్చేశాయి.

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన ముప్పావు గంట నిలబడ్డాను. లోపల ఆడవాళ్లు ఏదైనా విశేషమా అని మా ఆడపడుచును అడుగుతున్నారు. నాకు ఆపరేషన్ అయిన సంగతి మా ఆయనకు, మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇలా మీకూ అవుతుందా? ఆ సమయంలో ఏం చేస్తారు? గుండెకు సంబంధించింది కాదు కదా? రాత్రంతా అదే టెన్షన్.

చీనీతోట (అనంతపురం), సోమవారం రాత్రి 10:25

అక్కా, ముందు నువ్వు భయపడొద్దు. నాది 2011లో బెంగుళూరులో వేసిన బ్యాండు. నువ్వు రాసిన బొటనవేలి నొప్పి, ఆ జిగట, నాకు బాగా ఎరుక.

నా కథ చెప్తాను. మాది సంగటి తిని పెరిగిన ఇల్లు. ముద్ద గిల్లి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టుకొని గుటుక్కున మింగడమే. నమిలితే మా అవ్వ కోప్పడేది, "సంగటిని నములుతారా ఎవరన్నా, మింగాల" అని. నలభై ఏళ్లు అట్లే మింగినాను. బ్యాండు పడినాక డాక్టరు నమలమని కాగితం రాసిచ్చినాడు గానీ, గొంతుకున్న అలవాటు కాగితం చూసి మారుతుందా? ఆపరేషనయిన మూడో నెలలో పొలం కాడ సంగటి ముద్ద మింగినాను. గంటన్నర కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరిగినాను. కళ్లల్లో నీళ్లు.

ఇప్పుడు సంగటి నా కంచంలోకి రాదు. అదే రాగిపిండి అంబలి కాచుకుంటే సుఖంగా దిగుతుంది. మనసు మాత్రం సంగటి మీదనే ఉంటుంది, అది నిజం.

ఇంకోటి, పేరుకు తగ్గట్టు మాకు చీనీ (బత్తాయి) తోటే. తొన మీద ఉండే పొర చూడటానికి ఏమీ లేనట్టుంటుంది గానీ నమిలినా నలగదు, పోయి బ్యాండు దారికి అడ్డం కూర్చుంటుంది. నాకు రెండుసార్లు అయింది. పొర వలిచి లోపలి రసపు తునకలే తింటాను. మామిడిలో బంగినపల్లి మేలు, పీచుండదు.

అడ్డం పడినప్పుడు నేను చేసేది ఒకటే. కంచం ముందర నుంచి లేచిపోతాను. ఇంకొక్క మెతుకు కూడా తినను, నీళ్లు అసలు తాగను. నడుస్తాను. చేతులు పైకెత్తి నిదానంగా ఊపిరి తీసుకుంటాను. ఉమ్మి ఊస్తానే ఉంటాను. పది నిమిషాలకో అరగంటకో దిగిపోతుంది, లేదా పైకి వచ్చేస్తుంది.

బురుజు_వీధి (కర్నూలు), సోమవారం రాత్రి 11:05

నాకు బ్యాండు లేదు గానీ మా ఇంట్లో చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద చేసి నమలకుండా మింగిస్తాం, లేదా అరటిపండు. ముద్దతో పాటు అదీ దిగిపోతుంది. తేన్పు రావడానికి ఒక గోలీసోడా తాగినా లోపలి గాలి కదిలి దారి ఇస్తుంది. ప్రయత్నించి చూడండి అమ్మా.

వార్డు_నర్సు (కడప), మంగళవారం ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. బురుజు వీధి అన్నగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ బ్యాండు ఉన్నవాళ్లు దయచేసి ఆ పని చేయొద్దు. ఎందుకో చెప్తాను.

బ్యాండు అంటే జీర్ణాశయం పైభాగం చుట్టూ కట్టిన సిలికాన్ పట్టీ. పట్టీకి పైన మిగిలే సంచి చాలా చిన్నది, 15 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు పెద్ద చెంచాలు. దాని కింద దారి సన్నం. ఆ దారిలో ముక్క ఇరుక్కుంటే పైన మరో ముద్ద మింగడమంటే మూసుకున్న తలుపు మీదకు జనాన్ని తోసినట్టే. నీళ్లు తాగినా అంతే, పోవడానికి చోటు లేక వెనక్కి వస్తాయి. సోడా గాలి ఆ చిన్న సంచిని ఉబ్బిస్తుంది, నొప్పి పెరుగుతుంది.

అక్కా, పొలమారడానికీ దీనికీ తేడా మీ ఇంట్లో అందరికీ చెప్పండి. పొలమారితే మెతుకు గాలిగొట్టం వైపు పోతుంది, దగ్గు వస్తుంది, మాట రాదు, ఊపిరి అందదు. మీకు అయింది అన్నవాహిక కింద, బ్యాండు దగ్గర. ఊపిరి ఆడుతుంది, మాట్లాడగలరు, దిగకపోవడమే బాధ. వీపు మీద, నెత్తి మీద కొట్టడం వల్ల దీనికి లాభం లేదు. ఊపిరే అందకపోతే అది వేరే సంగతి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆ జిగట సంగతి కూడా. దారి మూసుకుందని అన్నవాహిక తెలుసుకొని ముక్కను జార్చడానికి ఉమ్మి ఎక్కువగా ఊరేలా చేస్తుంది. అది కూడా దిగక పైకి తన్నుకొస్తుంది. బయటికి వచ్చిన అన్నం పులుపు లేకుండా తిన్నది తిన్నట్టే ఉంటుంది చూడండి, అది కడుపులోని ఆమ్లం దాకా పోలేదు కాబట్టి. వేలు పెట్టి కక్కడం మాత్రం వద్దు. గట్టిగా డోకితే బ్యాండు కింది జీర్ణాశయం పైకి జారే ప్రమాదం ఉంది.

గుండె గురించి అడిగారు. తిన్న క్షణంలో మొదలై, ముక్క దిగగానే తగ్గిపోయేది ఎక్కువగా బ్యాండుదే. కానీ తిండితో సంబంధం లేకుండా వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో లాగినా, ఆయాసం ఉన్నా బ్యాండు మీద నెట్టేయకుండా ఈసీజీ తీయించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, మూడు వారాల్లో ఆరుసార్లు అన్నారు. అది మామూలు కాదు. సెలైన్ ఎక్కువై బ్యాండు బిగిసిందేమో చూపించుకోండి. ఓర్చుకోవాల్సిన బాధ కాదు ఇది.

పాపాఘ్ని (కడప జిల్లా), మంగళవారం ఉదయం 8:40

అక్కా, నాది 2010లో వేసిన బ్యాండు. మీరు రాసిందాంట్లో నాకు కనబడిన తప్పు జొన్నరొట్టె కాదు, పొద్దుటి నుంచి పస్తుండి రెండు గంటలకు తినడం. ఆకలి మీద ఉన్నప్పుడు నోరు మన మాట వినదు. పెళ్లికో పేరంటానికో పోయే ముందు నేను ఇంట్లోనే అర గిన్నె పప్పుచారు, పెరుగు తాగి పోతాను. అక్కడ బంతిలో కూర్చున్నా కంగారుండదు.

నా వరకు బ్యాండు పొద్దున బిగువుగా ఉంటుంది, సాయంత్రానికి వదులవుతుంది. చాలామందికి ఇంతేనట. అందుకే పొద్దున గట్టివేవీ ముట్టను. లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు మెల్లగా, తర్వాత రాగిజావ. నెలసరి రోజుల్లో ఇంకా బిగుస్తుంది. ఇంట్లో గొడవైన రోజు అన్నం ముందు కూర్చోనే కూర్చోను, ఖాయంగా అడ్డం పడుతుంది.

ఇంకో గుర్తు చెప్తాను, ఇది నాకు నాలుగేళ్లకు గానీ తెలియలేదు. ముద్ద అడ్డం పడే ముందు ఒంట్లో చిన్న సూచన ఉంటుంది. నాకు ఎక్కిళ్లు ఒకటి రెండు వస్తాయి. మా వదినమ్మకు ముక్కు కారుతుంది, ఆమెదీ బ్యాండే. కొందరికి తుమ్ము, కొందరికి పెద్ద నిట్టూర్పు. ఆ సూచన రాగానే చేతిలో ముద్ద ఉన్నా కంచంలో పెట్టేయాలి. "ఈ ఒక్కటీ తినేసి లేద్దాం" అనుకున్న ఆ ఒక్క ముద్దే ఇరుక్కుంటుంది.

బొప్పాయి మాత్రలు నమిలితే కరుగుతుందని మా ఊరి మందుల షాపాయన ఇచ్చాడు. నాకు పనిచేసిందో, దానంతట అదే దిగిందో చెప్పలేను.

వార్డు_నర్సు (కడప), మంగళవారం ఉదయం 9:15

పాపాఘ్ని అక్కా, మీ ఎక్కిళ్ల మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. బొప్పాయిలోని పపైన్ మాంసకృత్తుల్ని విడగొడుతుంది, నిజమే. కానీ ఇరుక్కున్న ముక్క మీద అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. రొట్టె, అన్నం మాంసకృత్తులు కావు కాబట్టి వాటి మీద ఆశే పెట్టుకోవద్దు. కొందరు మాంసం మెత్తబడటానికి వేసే పొడిని నీళ్లలో కలిపి తాగుతారు. అది అసలు వద్దు, అన్నవాహిక గోడే దెబ్బతింటుంది.

గండికోట (జమ్మలమడుగు), మంగళవారం రాత్రి 8:30

నేను మా అమ్మ తరఫున రాస్తున్నాను. ఆమెకు 61, ఆమెదీ బ్యాండే. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన శ్రావణంలో మా అమ్మ నాటుకోడి ముక్క మింగింది. ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రానికి తగ్గుతుందిలే అంది. రాత్రి చెంబు పక్కన పెట్టుకొని ఊస్తూ కూర్చుంది. పడుకుంటే దగ్గు. సోమవారం నీళ్లు రెండు చుక్కలు తాగినా వెనక్కి. మా అమ్మ ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి. "ఎల్లుండి పోదాం" అంది. నేనూ సరే అన్నాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నాకు బాధే.

మంగళవారం పొద్దున లేచి నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. నాలుక ఎండిపోయి తెల్లగా ఉంది. ఒంటేలు పోలేదు. కారులో కడపకు తీసుకుపోయాను. అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరుకు బ్యాండు అంటే తెలియదు. గ్యాస్ అని ఇంజెక్షన్ వేశాడు, గ్లూకోజ్ పెట్టాడు. "బ్యాండు వదులు చేయాలండీ" అని నేను మూడుసార్లు చెప్పాను. ఏ కంపెనీది, ఎంత సెలైన్ ఉంది, పోర్టు (సెలైన్ ఎక్కించే చోటు) ఎక్కడ అని అడిగాడు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. 2012 నాటి ఫైలు ఇల్లు మారినప్పుడు పోయింది. ఆపరేషన్ చేసినాయన ఆ ఆసుపత్రి వదిలి వెళ్లిపోయాడు.

రాత్రి ఎనిమిదికి ఒక పెద్ద సర్జన్ వచ్చాడు. పొట్ట మీద వేళ్లతో తడిమి, బొడ్డుకు ఎడమ పక్క పైన చర్మం కింద గుండీలాంటిది ఉంటే పట్టుకున్నాడు. అదే పోర్టు. మామూలు సూది వేస్తే దాని పొర చిరిగి కారుతుందట, కొన వంగిన వేరే సూది కావాలి. ఆ సూది ఎక్కడా లేదు. చివరికి అర్థమైందేమిటంటే క్యాన్సర్ రోగులకు కీమో ఎక్కించే పోర్టుకు వాడేదీ అదే రకం సూదట. ఆ వార్డు నుంచి తెప్పించారు. సూది దించి సిరంజి లాగితే నీళ్లలాంటి సెలైన్ వచ్చింది, నేను పక్కనే నిలబడి చూశాను. రెండు నిమిషాల పని. మా అమ్మ ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి "దిగిపోయింది రా" అంది. తర్వాత నర్సు ఇచ్చిన నీళ్లు ఒక చెంచా తాగి, అది లోపలికి పోతుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది.

రెండు నిమిషాల పనికి రెండున్నర రోజులు. ఎవరూ ఇట్లా ఆగొద్దు.

వార్డు_నర్సు (కడప), మంగళవారం రాత్రి 9:00

అబ్బీ, అమ్మ ఇప్పుడు బాగున్నారా? చదువుతుంటే గుండె బరువెక్కింది.

ఇందులో అందరూ రాసిపెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. రోజుల తరబడి తిండి దిగక, వాంతులవుతున్న మనిషికి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, తరిగిపోతుంది. దాని లోటు మెదడును దెబ్బతీస్తుంది. మగత, చూపు రెండుగా కనబడటం, నడకలో తూలడం వస్తాయి. అలాంటివాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ ఇవ్వాలి. క్యాజువాలిటీలో "ఇన్ని రోజులుగా ఏమీ దిగడం లేదు, బీ1 ఇస్తారా" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఎప్పుడు ఆగకూడదంటే, మంచినీళ్లు గుక్కకూడా దిగకపోతే, సొంత ఉమ్మి మింగలేకపోతే, కడుపులో విడవకుండా గట్టి నొప్పి ఉంటే, జ్వరం వస్తే, వాంతిలో రక్తం కనిపిస్తే. రాత్రా పగలా చూడొద్దు.

తుంగభద్ర_తీరం (కర్నూలు), బుధవారం ఉదయం 5:20

నిద్రపట్టలేదు. నిన్న రాత్రి జావ మెల్లగానైనా దిగింది. మూడింటికి దాహమేసి నీళ్లు తాగితే వచ్చేశాయి. ఇప్పుడు మళ్లీ ఒక చెంచా తాగాను, అదీ ఆగలేదు. పడుకుంటే గొంతులోకి నీళ్లు ఎగదన్నుతున్నాయి. ఇవ్వాళ బడిలో పరీక్షలు, పదింటి దాకా చూసి హైదరాబాదు బస్సెక్కుదామా అని ఆలోచిస్తున్నాను.

వార్డు_నర్సు (కడప), బుధవారం ఉదయం 5:35

అక్కా, పదింటి దాకా వద్దు. హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైన, నీళ్లు దిగని మనిషి బస్సులో అంతదూరం పోకూడదు. కర్నూల్లోనే ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) చేసే సర్జన్లు ఉన్నారు, మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అన్నయ్యను లేపండి. బయలుదేరే ముందు ఫోన్ చేసి "అడ్జస్టబుల్ గ్యాస్ట్రిక్ బ్యాండు, వదులు చేయాలి, పోర్టు సూది ఉందా" అని ఈ మాటలే అడగండి. పరీక్షలు ఇంకెవరైనా చూసుకుంటారు.

గండికోట (జమ్మలమడుగు), బుధవారం ఉదయం 5:50

అక్కా, మీ సెలైన్ ఎక్కించిన చీటీ ఉంటే వెంట పట్టుకుపోండి. లేకపోతే హైదరాబాదు వాళ్లకు ఫోన్ చేసి ఫొటో పంపమనండి. దయచేసి వెళ్లండి.

చీనీతోట (అనంతపురం), బుధవారం మధ్యాహ్నం 1:10

అక్కా, ఏమైంది? ఒక్క మాట రాయి.

కారం_దోశ (కడప), బుధవారం సాయంత్రం 6:40

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా బరువు 128, వయసు 27. నేనూ బ్యాండు వేయించుకుందామని చూస్తున్నాను. ఇది చదివాక భయమేస్తోంది. వద్దంటారా?

పాపాఘ్ని (కడప జిల్లా), బుధవారం రాత్రి 7:30

తమ్ముడూ, వద్దు, కావాలి అని మేం చెప్పే మాట కాదు. ఈ బ్యాండు నాకు 30 కిలోలు తగ్గించింది, మోకాళ్లు నిలబెట్టింది, దాని మీద నాకు కోపం లేదు. కానీ మా రోజులకూ ఇప్పటికీ చాలా మారింది. బ్యాండుకు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లు బాగా నడిచింది. ఇప్పుడు చాలాచోట్ల జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్, తిండి దారి మళ్లించే బైపాసే చేస్తున్నారు. బ్యాండు వేసేవాళ్లు, చూసేవాళ్లు తగ్గిపోయారు. ఏది చేయించుకున్నా, రేపు అర్ధరాత్రి కష్టమొస్తే మన ఊళ్లో చూసేవాళ్లున్నారా అని ముందు అడుగు. నేను అది అడగలేదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు), గురువారం రాత్రి 8:15

ఇంటికి వచ్చాను. అందరికీ దండాలు.

నిన్న ఆరున్నరకల్లా వెళ్లాం. మా ఆయన దారిలోనే నాలుగుచోట్లకు ఫోన్ చేశారు, నాలుగోచోట సూది ఉందన్నారు. ఆ సర్జన్ గారు నిదానస్థుడు. ఎక్స్‌రే ముందు నిలబెట్టి తెల్లని మందు ఒక గుక్క మింగించారు. తెర మీద నేనూ చూశాను. మందు బ్యాండు దాకా వచ్చి చెరువులా నిలబడింది, కిందకు దారం పోగంత కూడా జారడం లేదు. బ్యాండు జారలేదు, ఉన్నచోటే ఉంది, కానీ బిగువు ఎక్కువై, మళ్లీ మళ్లీ డోకడంతో లోపల వాచిపోయిందన్నారు. ప్రతిసారీ ఇరుక్కోవడం, వాపు రావడం, ఆ వాపుకు మళ్లీ ఇరుక్కోవడం, ఇదే మూడు వారాలుగా జరిగిందట. సెలైన్ మొత్తం తీసేశారు. మళ్లీ మందు మింగిస్తే సన్నని ధారగా కిందకు దిగింది. అది చూస్తుంటే ఏడుపొచ్చింది.

సెలైన్ ఎంత పెట్టాలన్నది మనిషి మనిషికీ, బ్యాండు బ్యాండుకీ వేరట. కొన్ని పాత బ్యాండుల్లో మొత్తం పట్టేదే 4 మిల్లీలీటర్లు, కొన్నిట్లో 10 పైన. అందుకే అర మిల్లీలీటరు కూడా చాలా తేడా చేస్తుందని, నెల దాకా ఖాళీగా ఉంచి తర్వాత కొంచెం కొంచెం పెంచుదామని అన్నారు. హైదరాబాదు పోయే పని లేదు, ఇక్కడే.

నన్ను ఆయన ఒక మాట అడిగారు, అది రాయాలి. "మొదటిసారి ఇరుక్కున్నప్పుడే ఎందుకు రాలేదమ్మా?" సమాధానం నా దగ్గర ఉంది, చెప్పలేకపోయాను. బరువు తగ్గుతోంది కదా అని. మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. ముద్ద దిగకపోవడం బ్యాండు బాగా పనిచేస్తోందనడానికి గుర్తు అనుకున్నాను.

చీనీతోట (అనంతపురం), గురువారం రాత్రి 8:40

అక్కా, ఆ మాట రాసినందుకు నీకు చెయ్యెత్తి మొక్కుతున్నా. నేనూ 2014లో ఆరు నెలలు అట్లే అనుకున్నాను. నాకు అడ్డం పడిన కొద్దీ మెత్తటివి వెతుక్కున్నాను. ఐస్‌క్రీం, పాయసం, చీనీ రసంలో చక్కెర, ఇవి ఎంత బిగువు బ్యాండులోనైనా జారిపోతాయి. పప్పు, కోడి, కూరలే ఆగిపోతాయి. చివరికి బరువు పెరిగింది, వెంట్రుకలు రాలినాయి. వదులు చేయించుకున్నాకనే మళ్లీ నిజమైన తిండి తిని బరువు తగ్గినాను.

ఇప్పుడు ఏం తింటున్నావు?

తుంగభద్ర_తీరం (కర్నూలు), గురువారం రాత్రి 9:05

రెండు రోజులు నీళ్లలాంటివే అన్నారు. తర్వాత నాలుగు రోజులు మెత్తనివి. నిన్న సాయంత్రం పలుచని మజ్జిగ, ఇవ్వాళ వడకట్టిన పప్పుకట్టు, పలుచని రాగిజావ. చెంచా చెంచాగా, గ్లాసు జావకు ముప్పావు గంట.

ఆసుపత్రికి మా పెద్దత్త వచ్చింది. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు బాధనిపించింది ఆపరేషన్ సంగతి కాదు, నీళ్లు బలవంతంగా తాగించానే అని. "చెప్పుంటే నేను వడ్డించేదాన్నా తల్లీ" అని చెయ్యి పట్టుకుంది. పొద్దున జావ ఆమే కాచింది, ఉండలు లేకుండా గుడ్డలో వడకట్టి మరీ తెచ్చింది.

ఒక సందేహం. నాకు థైరాయిడ్ మాత్రతో పాటు పెద్ద క్యాల్షియం మాత్ర ఉంది. అది కూడా ఇరుక్కుంటుందా?

వార్డు_నర్సు (కడప), గురువారం రాత్రి 9:30

పెద్ద మాత్రలు ఇరుక్కుంటాయి అక్కా. క్యాల్షియం నమిలేదో, సిరప్పో రాయించుకోండి. థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడంగా వేసుకోండి. ఏ మాత్రనైనా పొడి చేసే ముందు డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి, నిదానంగా విడుదలయ్యే మాత్రలు పొడి చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. తలనొప్పికీ ఒళ్లునొప్పులకీ బ్రూఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, బ్యాండు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది.

మెత్తనివి అయ్యాక మామూలు తిండికి వచ్చినప్పుడు ముద్ద మీ చిటికెన వేలి గోరంత ఉండాలి. పెద్ద కంచం తీసేసి కాఫీ సాసరు, టీ చెంచా పెట్టుకోండి. మింగాక ఆ ముద్ద దిగేదాకా చెంచా కింద పెట్టండి. అన్నంతో నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగి తాగండి. ఉగ్గాణి తినాలనిపిస్తే బొరుగులు బాగా నాననివ్వండి, పక్కన బజ్జీ మాత్రం ఇప్పట్లో వద్దు.

గండికోట (జమ్మలమడుగు), గురువారం రాత్రి 10:00

అమ్మ బాగుంది నర్సక్కా, అడిగినందుకు థాంక్స్. ఆమె కోసం ఒక కార్డు చేయించాను, పర్సులో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి. ఇట్లా రాసి ఉంది: "నా జీర్ణాశయానికి అడ్జస్టబుల్ గ్యాస్ట్రిక్ బ్యాండు ఉంది. వేసిన సంవత్సరం 2012. పోర్టు బొడ్డుకు ఎడమవైపు పైన. మామూలు సూది వాడకూడదు, కీమో పోర్టు సూది కావాలి. నీళ్లు దిగకపోతే ముందు బ్యాండు వదులు చేయండి. గ్లూకోజ్‌కు ముందు థయామిన్ ఇవ్వండి." కింద మా సర్జన్ నంబరు, నా నంబరు. వెనకవైపు తేదీలు, బ్యాండులో ఏ రోజు ఎంత సెలైన్ ఉందో. సెలైన్ ఎక్కించినా తీసినా అక్కడికక్కడే ఆ గడి నింపించుకొని సంతకం పెట్టించుకుంటాం.

తుంగభద్ర_తీరం (కర్నూలు), గురువారం రాత్రి 10:20

ఇది తీసుకుంటున్నాను తమ్ముడూ. కంపెనీ పేరు, సైజు కూడా హైదరాబాదు వాళ్లు ఇవ్వాళ పంపారు, అవీ చేరుస్తాను. తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. రేపు బడి పక్కన జిరాక్సు షాపులో లామినేషన్ చేయిస్తాను. మా అత్త తనకూ ఒకటి కావాలంది.